హిప్ చేసినా విరిగిన టైటానియం బ్రాకెట్: ఒక ఫటీగ్ కేస్ స్టడీ

మా ల్యాబ్‌కు వచ్చింది రెండు ముక్కలైన యాక్చుయేటర్ బ్రాకెట్. జానెడుకు కాస్త తక్కువ పొడవు, పావు కిలోకు కాస్త తక్కువ బరువు. టైటానియం సిక్స్-ఫోర్, అంటే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన మిశ్రలోహం. లేజర్ పౌడర్ బెడ్ మెషీన్ మీద, అంటే లోహపు పౌడర్‌ను పొర పొరగా పరిచి లేజర్‌తో కరిగించే మెషీన్ మీద, ప్రింట్ చేశారు. మానవరహిత విమానం రెక్కలో ఫ్లాప్‌ను కదిపే యాక్చుయేటర్‌ను పట్టి ఉంచడం దాని పని. రిగ్ (లోడ్‌ను పదే పదే పెట్టి తీసే టెస్టు యంత్రం) మీద పది లక్షల సైకిళ్ళు నిలబడాల్సింది, లక్ష కూడా పూర్తి కాకముందే విరిగింది. లోడ్ ఎక్కువ పడిందా అని రిగ్ రికార్డులు చూశాం. ఎక్కడా తేడా లేదు.

బ్రాకెట్‌తో పాటు ఒక ఫైలు నిండా సర్టిఫికెట్లు వచ్చాయి. పౌడర్ కెమిస్ట్రీ, డెన్సిటీ, టెన్సైల్ టెస్టు, హిప్ (వేడి వాయువుతో నొక్కి లోపలి ఖాళీలు మూసే ప్రక్రియ) చార్టు, సీటీ స్కాన్, డై పెనిట్రెంట్ (పగుళ్ళలోకి రంగు ద్రవం ఇంకించి చూసే పరీక్ష) రిపోర్టు అన్నీ ఉన్నాయి, అన్నీ పాసే. ప్రింట్ చేసిన సంస్థ ఇంజనీరు ఫోన్‌లో అడిగిన మొదటి మాట ఇది: "సార్, హిప్ చేశాం కదా, ఇంక పోర్లు ఎక్కడుంటాయి?" పోర్లంటే లోహం లోపలి సన్నటి ఖాళీలు. ఈ నమ్మకం ఆయన ఒక్కడిదే కాదు, మన పరిశ్రమలో చాలామందిలో ఉంది. అందుకే కంపెనీల పేర్లు, డ్రాయింగ్ నంబర్లు వదిలేసి కేసు మొత్తం రాస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ప్రింట్ చేసిన టైటానియం ఫటీగ్ బలాన్ని, అంటే పదే పదే పడే లోడ్‌ను తట్టుకునే శక్తిని, లోపలి లోహపు సగటు గుణం తేల్చదు. చర్మం కింద అర మిల్లీమీటరులో ఉన్న అతిపెద్ద లోపం తేలుస్తుంది. మన టెస్టుల్లో చాలావరకు ఆ అర మిల్లీమీటరును చూడనే చూడవు.

ప్రింటింగ్ లోహాన్ని ఏం చేస్తుంది

ఈ బ్రాకెట్‌ను ఇంతకుముందు ఫోర్జింగ్ బార్ నుంచి మిల్లింగ్ చేసేవారు. బార్‌లో ఎక్కువ భాగం చిప్స్‌గా పోతుంది. టైటానియం చిప్స్ అమ్మితే వచ్చేది బార్ ఖరీదులో ఏ మూలకూ సరిపోదు. అందుకే ప్రింటింగ్ వైపు వెళ్ళారు, ఆ నిర్ణయంలో తప్పేం లేదు.

అయితే బార్‌లో ఉండే సిక్స్-ఫోర్, ప్రింట్‌లో వచ్చే సిక్స్-ఫోర్ కెమిస్ట్రీలో ఒకటే అయినా మైక్రోస్కోప్ కింద రెండూ వేరు. ఈ మిశ్రలోహం సుమారు 995 డిగ్రీల సెల్సియస్ పైన పూర్తిగా బీటా, కింద ఆల్ఫా, బీటాల కలయిక (ఆల్ఫా, బీటా అంటే లోహంలో పరమాణువులు పేర్చుకునే రెండు తీరులు). బార్‌ను ఈ గీతకు కింద సుత్తిపోట్లతో, రోలింగ్‌తో మలుస్తారు కాబట్టి గుండ్రటి ఆల్ఫా రేణువులు వస్తాయి. ప్రింటింగ్‌లో పోటూ లేదు, రోలింగూ లేదు. లేజర్ కరిగించిన సన్నటి గుంట సెకనుకు లక్ష డిగ్రీలను మించిన వేగంతో చల్లబడుతుంది. సెకనుకు 410 డిగ్రీలు దాటితే చాలు, ఈ లోహంలో బీటా మొత్తం మార్టెన్‌సైట్‌గా, అంటే ఆల్ఫా ప్రైమ్ సూదులుగా మారిపోతుంది. కాబట్టి ప్లేట్ మీద నుంచి తీసిన భాగంలో కనిపించేవి సన్నటి, గట్టి, పెళుసు సూదులే. వాటి వెనక లీలగా ఇంకొక ఆకృతి ఉంటుంది. ఒక లేయర్ మీద ఇంకొక లేయర్ గడ్డకట్టేటప్పుడు కింది రేణువు దిశనే పై రేణువు అందుకుంటుంది. అలా బీటా రేణువులు అనేక లేయర్లను దాటుకుంటూ నిలువు స్తంభాల్లా పెరుగుతాయి. తరవాత అవి సూదులుగా విడిపోయినా స్తంభాల హద్దులు మాత్రం చెరగవు.

ఈ స్థితిలో లోహానికి బలం ఎక్కువ, సాగే గుణం తక్కువ. లోపల మిగిలిపోయిన స్ట్రెస్ కూడా భారీగా ఉంటుంది. అందుకే ముందు ప్లేట్ మీద ఉండగానే 800 డిగ్రీల దగ్గర స్ట్రెస్ రిలీఫ్ చేస్తారు. తరవాత హిప్: వేడి ఆర్గాన్ వాయువుతో అన్ని వైపుల నుంచీ ఒకేసారి నొక్కడం. ఈ బ్రాకెట్‌కు 920 డిగ్రీలు, 100 మెగాపాస్కల్, 2 గంటలు ఇచ్చారు. పౌడర్ బెడ్ సిక్స్-ఫోర్‌కు వర్తించే ఏఎస్‌టీఎం ప్రమాణం ఎఫ్2924 చెప్పే హద్దులు 895 నుంచి 955 డిగ్రీలు, కనీసం 100 మెగాపాస్కల్. చార్టు దానికి సరిగ్గా సరిపోయింది. ఆ వేడికి ఆల్ఫా ప్రైమ్ విడిపోయి ఆల్ఫా, బీటా పలకలుగా మారుతుంది, పలకలు కాస్త లావెక్కుతాయి, సాగే గుణం తిరిగి వస్తుంది. 920 అన్నది 995కు తక్కువ కాబట్టి నిలువు స్తంభాల హద్దులు మాత్రం అలాగే ఉంటాయి. మేం కోసి చూసిన ముక్కలో కూడా ఇదే కనిపించింది. లోహంలో ఏ తప్పూ లేదు, ఉండాల్సినట్టే ఉంది.

హిప్ వల్ల ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి జర్మనీలోని పాడర్‌బార్న్ పరిశోధకులు 2013లో ప్రచురించిన ఫలితాలు ఇప్పటికీ మంచి కొలత. 600 మెగాపాస్కల్ స్ట్రెస్ ఆంప్లిట్యూడ్ దగ్గర, ప్రింట్ చేసి అలాగే వదిలేసిన శాంపిళ్ళు సగటున 27 వేల సైకిళ్ళకు విరిగాయి. 800 డిగ్రీల దగ్గర హీట్ ట్రీట్ చేసినవి 93 వేలకు, 1050 దగ్గర చేసినవి 2.9 లక్షలకు విరిగాయి. హిప్ చేసినవి 20 లక్షలు దాటినా విరగలేదు. అదే లోహం, అదే మెషీన్. కాబట్టి హిప్ అనవసరమని ఎవరూ అనలేరు. హిప్ దేన్ని మూయగలదు, దేన్ని మూయలేదు అన్న దగ్గరే మన కేసు మొదలవుతుంది.

విరిగిన ముఖం

పగులు పుట్టింది ఫిల్లెట్‌లో. బ్రాకెట్ పాదం నుంచి చెవి పైకి లేచే మూల అది. డిజైన్ లెక్కలో కూడా గరిష్ఠ స్ట్రెస్ అక్కడే, కాబట్టి చోటు చూసి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవాల్సింది అంత తొందరగా ఎందుకు విరిగిందని.

విరిగిన రెండు ముఖాల్నీ ఒకదానికొకటి ఆనించి చూడవద్దని ముందే అందరికీ చెప్పాం. ఎంతో మందికి ఈ అలవాటు ఉంటుంది, ముక్కలు దొరకగానే కలిపి చూస్తారు. అలా ఒక్కసారి రాసుకుంటే చాలు, పగులు పుట్టిన చోట ఉన్న సన్నటి గుర్తులు చితికిపోతాయి. అదృష్టవశాత్తు రిగ్ దగ్గర టెక్నీషియన్ రెండు ముక్కల్నీ విడివిడిగా పొడి కవర్లలో పెట్టి పంపాడు. ఈ కేసులో సగం సమాధానం ఆ జాగ్రత్త వల్లే దొరికింది.

స్టీరియో మైక్రోస్కోప్ కింద పది రెట్లు పెంచి చూడగానే విరిగిన ముఖం మీది గీతలన్నీ విసనకర్ర పుల్లల్లా ఒక బిందువు వైపు చేరుతూ కనిపించాయి. ఆ బిందువు ఫిల్లెట్ ఉపరితలం మీదే ఉంది. ముక్కను ఎస్‌ఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) పెట్టి అక్కడికి వెళ్ళాం. చిన్న గుహ లాంటి లోపం. ఉపరితలం దగ్గర మూతి ఇరుకు, లోపలికి వెళ్ళేకొద్దీ వెడల్పు, లేయర్ దిశలో చదునుగా సాగింది. స్ట్రెస్‌కు అడ్డంగా పడే దాని వైశాల్యం కొలిచి వర్గమూలం తీస్తే సుమారు 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లోపల గోడకు అతుక్కుని కరగని పౌడర్ రేణువులు, వాటి గుండ్రటి ఆకారం చెడకుండా, ఇంకా ఉన్నాయి. గ్యాస్ బుడగ అయితే గోడ నున్నగా ఉంటుంది, లోపల పౌడర్ ఉండదు. కాబట్టి ఇది ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్. లేజర్ కరిగించాల్సిన చోటు కరగకుండా మిగిలిపోయిందన్న మాట.

మరి హిప్ దీన్ని ఎందుకు మూయలేదు? సమాధానం కోసం రెండో ముక్కను ఆ లోపం పక్కగా కోసి, పాలిష్ చేసి, క్రోల్స్ రియేజెంట్ అనే యాసిడ్ ద్రావణంతో ఎచింగ్ చేశాం. అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కొద్దిగానే ఉంటుంది, అయినా కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికి అందేలా పెట్టుకోకుండా సీసా మూత తీయనివ్వను. కొత్తగా చేరిన పిల్లలకు ఇది పదే పదే చెబుతాను. ఆ యాసిడ్ చర్మం మీద పడితే మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు, లోపల మాత్రం పని చేసుకుంటూ పోతుంది.

ఎచింగ్ తరవాత గుహ గోడ వెంబడి సన్నటి తెల్లటి అంచు బయటపడింది. మామూలు చోట ఆల్ఫా పలకల మధ్య బీటా నల్లటి గీతలుగా కనిపిస్తుంది. ఈ అంచులో ఆ గీతలే లేవు. మైక్రోహార్డ్‌నెస్ పెట్టి చూస్తే పక్క లోహం కంటే అంచు స్పష్టంగా గట్టిగా ఉంది. టైటానియం పనిచేసేవాళ్ళు దీన్ని చూడగానే ఆల్ఫా కేస్ అంటారు. వేడిగా ఉన్నప్పుడు వాయువులో ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌ను లోహం పీల్చుకుంటే ఏర్పడే పెళుసు పొర అది. బ్రాకెట్ బయటి ఉపరితలం మీద కూడా అలాంటి పొరే ఉంది.

ఈ కేసు తేలింది ఆ తెల్ల అంచు దగ్గరే. గుహ లోపలి గోడకు ఆల్ఫా కేస్ వచ్చిందంటే హిప్ సమయంలో గుహలోకి వాయువు వెళ్ళింది. వాయువు వెళ్ళిందంటే మూతి అప్పటికే తెరిచి ఉంది. బయట ఎంత ఒత్తిడి ఉందో లోపలా అంతే ఉంటే గోడలు దగ్గరకు రావడానికి కారణమే లేదు. హిప్ మూయగలిగేది నాలుగు వైపులా లోహం ఉన్న పోర్‌ను మాత్రమే. ఉపరితలానికి దారి ఉన్న పోర్‌కు హిప్ చేయగలిగింది ఏమీ లేదు. పైగా ఇక్కడ గోడకు పెళుసు పొర కూడా అంటించింది.

లోపం అక్కడే ఎందుకు పుట్టింది

ప్లేట్ మీద బ్రాకెట్‌ను నిలబెట్టిన తీరులో ఆ ఫిల్లెట్ కిందికి వాలిన ముఖం. అడ్డగీతకు సుమారు 35 డిగ్రీల కోణం. 45 డిగ్రీల కంటే తక్కువ కోణంలో వాలే ముఖాల విషయంలో జాగ్రత్త అవసరమని ప్రింటింగ్ చేసేవాళ్ళందరికీ తెలుసు, కానీ ఆ జాగ్రత్త సాధారణంగా ముఖం గరుకుదనం గురించే ఉంటుంది. ఇక్కడ లెక్క వేసి చూడండి. లేయర్ మందం 60 మైక్రాన్లు. 35 డిగ్రీల వాలు మీద ప్రతి లేయరూ కింది లేయర్ అంచు దాటి సుమారు 86 మైక్రాన్లు బయటికి వస్తుంది. లేజర్ మచ్చ వెడల్పు కూడా దాదాపు అంతే. అంటే అంచున తిరిగే కాంటూర్ గీత కింద దాదాపుగా గట్టి లోహం ఉండదు, వదులు పౌడర్ ఉంటుంది. అదే 30 మైక్రాన్ల లేయర్ అయితే ఈ జరుగుడు 43 మైక్రాన్లు. 60 మైక్రాన్ల లేయర్‌తోనే 60 డిగ్రీల వాలు అయితే 35 మైక్రాన్లు.

వదులు పౌడర్ వేడిని లాక్కోదు. అక్కడ పూర్తి శక్తి పెడితే కరిగిన లోహం కిందికి జారి గడ్డలు కడుతుంది. అందుకని కిందికి వాలిన ముఖాలకు లేజర్ శక్తి తగ్గించి, వేరే సెట్టింగులు పెడతారు. ఈ సంస్థ కూడా అలాగే చేసింది, ముఖం చూడటానికి బాగానే వచ్చింది. కానీ తగ్గించిన శక్తితో తిరిగే కాంటూర్‌కూ, లోపల పూర్తి శక్తితో నింపే హ్యాచ్‌కూ మధ్య అతుకు సరిగ్గా పడలేదు. ఆ అతుకు వెంబడి అక్కడక్కడ ఖాళీలు మిగిలాయి. కోసి చూసిన చోట ఇలాంటివి వరసగా, ఉపరితలం నుంచి దాదాపు ఒకే లోతులో ఉన్నాయి. పూర్తిగా లోపల ఉన్నవి హిప్‌లో మూసుకుపోయి జాడ మాత్రం మిగిల్చాయి. గరుకు ఉపరితలపు పల్లాల ద్వారా బయటికి దారి దొరికినవి తెరిచే ఉన్నాయి.

లెక్క ఏం చెబుతుంది

లోపం చిన్నదే కదా, 150 మైక్రాన్లు, రెండు వెంట్రుకల మందం కూడా ఉండదు అన్నారు కస్టమర్ వైపు డిజైనర్ గారు. దానికి జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయానికి చెందిన మురకామి ఇచ్చిన పద్ధతితో సమాధానం చెప్పొచ్చు. లోపం ఆకారంతో పెద్దగా పని లేదు. స్ట్రెస్‌కు అడ్డంగా పడే దాని వైశాల్యపు వర్గమూలం తీసుకుని, దాన్ని పై (3.14) విలువతో గుణించి, మళ్ళీ వర్గమూలం తీసి, స్ట్రెస్ రేంజ్‌తో గుణించాలి. ఉపరితలం మీది లోపమైతే ముందు 0.65, లోపలిదైతే 0.5 పెట్టాలి. వచ్చేది స్ట్రెస్ ఇంటెన్సిటీ రేంజ్, అంటే లోపం అంచున పగులును ముందుకు తోసే ప్రభావపు కొలత.

ఫిల్లెట్‌లో గరిష్ఠ స్ట్రెస్ 380 మెగాపాస్కల్, కనిష్ఠం అందులో పదో వంతు. రేంజ్ 342. లోపం ఉపరితలం మీద 150 మైక్రాన్లు. జవాబు సుమారు 4.8 మెగాపాస్కల్ రూట్ మీటర్. హిప్ చేసిన సిక్స్-ఫోర్‌లో పొడవైన పగుళ్ళు కదలడం మొదలుపెట్టే థ్రెషోల్డ్ ఈ లోడ్ నిష్పత్తి దగ్గర 4కు అటూ ఇటూగా ఉంటుంది, చిన్న పగుళ్ళు అంతకంటే తక్కువలోనే కదులుతాయి. అంటే రిగ్ మొదటి సైకిల్ నుంచే ఈ లోపం పగులుగా పనిచేసింది. మామూలుగా ఫటీగ్ ఆయుష్షులో పెద్ద భాగం పగులు పుట్టడానికే ఖర్చవుతుంది. ఈ బ్రాకెట్‌కు ఆ భాగం మొత్తం లేకుండా పోయింది.

అదే లోపలి 40 మైక్రాన్ల గ్యాస్ పోర్ అయితే జవాబు 1.9 మాత్రమే. మిల్లింగ్‌లో అది ఉపరితలానికి వచ్చినా 2.5. చిన్న పగుళ్ళ కోసం థ్రెషోల్డ్‌ను 2.5గా పట్టుకుని వెనక్కి లెక్కిస్తే, ఈ ఫిల్లెట్‌లో ఉపరితలం మీద భరించగలిగే లోపం సుమారు 40 మైక్రాన్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, తనిఖీల దగ్గర మళ్ళీ దీనితో పని ఉంది.

పాసైన టెస్టులు

ఫైల్లోని ఏ రిపోర్టూ అబద్ధం కాదు. ఒక్కొక్కటీ ఏ ప్రశ్నకు జవాబో చూడాలి.

డెన్సిటీ 99.95 శాతం అని ఉంది. వినడానికి గొప్ప అంకె. ఈ బ్రాకెట్ ఘనపరిమాణం సుమారు 50 ఘన సెంటీమీటర్లు. మిగిలిన 0.05 శాతం అంటే 25 ఘన మిల్లీమీటర్ల ఖాళీ. 100 మైక్రాన్ల ఘనాలుగా లెక్కేస్తే అందులో 25 వేల పోర్లు పడతాయి. పగులుకు ఒక్కటి చాలు, అది సరైన చోట ఉంటే.

టెన్సైల్ టెస్టులో ఎఫ్2924 కనీసంగా అడిగే 895 మెగాపాస్కల్ బలం, 825 ఈల్డ్ (లోహం శాశ్వతంగా సాగడం మొదలయ్యే స్ట్రెస్), 10 శాతం సాగుదల అన్నీ సులభంగా దాటాయి. ఒక్కసారి లాగి తెంపే పరీక్షలో 150 మైక్రాన్ల లోపం పెద్దగా కనపడదు, సాగే లోహం దాని చుట్టూ సర్దుకుంటుంది. లక్షసార్లు లాగి వదిలితేనే అది బయటపడుతుంది.

సీటీ స్కాన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "స్కాన్ చేయించాం" అన్న మాటతో చాలా చర్చలు ఆగిపోతాయి. డిటెక్టర్‌లో ఒక వైపు సుమారు 2000 పిక్సెళ్ళు ఉన్నాయనుకుంటే, 160 మిల్లీమీటర్ల భాగం అంతా ఒకే చిత్రంలో పట్టాలంటే ఒక్కో వోక్సెల్, అంటే 3డీ చిత్రంలోని అతిచిన్న గడి, 80 మైక్రాన్లు అవుతుంది. నమ్మకంగా పట్టుకోవాలంటే లోపం కనీసం రెండు మూడు వోక్సెళ్ళు ఉండాలి. మనకు కావలసింది 40 మైక్రాన్లు. పైగా ల్యాక్ ఆఫ్ ఫ్యూజన్ లేయర్ దిశలో చదునుగా, ఎత్తులో చాలా పలచగా ఉంటుంది, గరుకు ఉపరితలం పక్కనే ఉంటే గరుకులో కలిసిపోతుంది. స్కాన్ రిపోర్టులో "సూచనలేవీ లేవు" అని రాసి ఉంటే, వోక్సెల్ ఎంత అని అడగకుండా దాన్ని తీసుకోకూడదు. ఈ రిపోర్టులో వోక్సెల్ సైజు రాయనేలేదు.

డై పెనిట్రెంట్ అయినా మూతి తెరిచి ఉన్న లోపాన్ని పట్టాలి కదా? పట్టాలి. కానీ హిప్ తరవాత ముఖం శుభ్రంగా కనపడాలని అల్యూమినా గ్రిట్‌తో బ్లాస్టింగ్ చేశారు, పెనిట్రెంట్ ఆ తరవాత పెట్టారు. టైటానియం మెత్తగా జరిగే లోహం. గ్రిట్ దెబ్బకు ఉపరితలపు లోహం పక్కకు జరిగి లోపం మూతిని పలచగా కప్పేస్తుంది, బీటలు వారిన గోడకు సున్నం కొట్టినట్టు. ఎస్‌ఈఎంలో బ్యాక్‌స్కాటర్ చిత్రం తీస్తే ఫిల్లెట్ ఉపరితలం నిండా నల్లటి మచ్చలు కనిపించాయి, ఏ మూలకాలు ఉన్నాయో చూపే ఈడీఎస్‌లో వాటి దగ్గర అల్యూమినియం, ఆక్సిజన్ శిఖరాలు వచ్చాయి. లోహంలో గుచ్చుకుని మిగిలిపోయిన గ్రిట్ ముక్కలు అవి. లోపం మూతి మీద జరిగిన లోహపు పొర కూడా కోతలో స్పష్టంగా ఉంది. రంగు లోపలికి వెళ్ళే దారి లేనప్పుడు పెనిట్రెంట్ ఏం చూపిస్తుంది? బ్లాస్టింగ్ చేసిన టైటానియంకు పెనిట్రెంట్ పెట్టాలంటే ముందు యాసిడ్ ఎచింగ్‌తో ఆ జరిగిన పొరను తీసేయాలి. ఈ ప్రాసెస్ షీట్‌లో ఆ దశ లేదు. ఆ దశ ఉండి ఉంటే ఆల్ఫా కేస్ కూడా కొంతమేర పోయేది.

అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసినవి ఫటీగ్ కూపన్లు, అంటే టెస్టు కోసమే ప్రింట్ చేసే శాంపిల్ ముక్కలు. బ్రాకెట్‌తో పాటే, అదే ప్లేట్ మీద, అదే పౌడర్‌తో కూపన్లు ప్రింట్ చేశారు. నిలువు రాడ్లుగా ప్రింట్ చేసి, హిప్ చేసి, లేత్ మీద తిప్పి, పాలిష్ చేసి టెస్ట్ చేశారు. అవన్నీ కోరుకున్న సైకిళ్ళు దాటాయి. దాటక ఏం చేస్తాయి? నిలువు రాడ్‌కు కిందికి వాలిన ముఖమే లేదు. ఉన్న చర్మాన్ని కూడా లేత్ తీసేసింది. కాంటూర్, హ్యాచ్ అతుకు ఉండే పొర మొత్తం చిప్స్‌లో పోయింది. ప్రింట్ చేసిన సిక్స్-ఫోర్‌ను హిప్ చేసి మెషీనింగ్ చేస్తే ఈ లోడ్ నిష్పత్తి దగ్గర కోటి సైకిళ్ళకు 600 మెగాపాస్కల్ దరిదాపుల్లో గరిష్ఠ స్ట్రెస్ భరిస్తుంది. ప్రింట్ అయిన చర్మంతోనే వదిలేస్తే సాధారణంగా 200 నుంచి 300 మధ్య. డిజైనర్ చేతిలో ఉన్నది మొదటి అంకె. ఫిల్లెట్ పనిచేసింది రెండో అంకె మీద. అక్కడ పెట్టిన స్ట్రెస్ 380. ఇవి పక్కపక్కన రాసి చూపించినప్పుడు మీటింగ్‌లో ఇంకెవరూ లోహం నాణ్యత గురించి మాట్లాడలేదు.

మిగిలిన లాట్, కొత్త ప్రాసెస్

అదే లాట్‌లోని మిగతా బ్రాకెట్లను కాపాడుకోవచ్చా అని అడిగారు. మూతుల్ని వెల్డింగ్‌తో మూసి మళ్ళీ హిప్ చేద్దామన్నది ఒక సలహా. నేను ఒప్పుకోలేదు. మూతి మూస్తే లోపల ఆర్గాన్ చిక్కుకుంటుంది. ఆర్గాన్ టైటానియంలో కరగదు. హిప్ దాన్ని నొక్కి కనపడకుండా చేసినా, తరవాత ఎప్పుడైనా ఎక్కువ వేడి తగిలితే ఆ పోర్ మళ్ళీ ఉబ్బుతుంది. గోడలకు పట్టిన ఆక్సిజన్ కూడా ఎక్కడికీ పోదు, అతుకు దగ్గర పెళుసు పొరగా ఉండిపోతుంది. ఫిల్లెట్‌ను లోతుగా మిల్లింగ్ చేద్దామంటే డ్రాయింగ్ మందం చాలదు. ఒకటి రెండింటిని కోసి చూసి నేర్చుకోవడానికి ఉంచి లాట్ అంతా స్క్రాప్ చేశారు. ఆ నిర్ణయం తీసుకున్న ప్రాజెక్ట్ మేనేజర్ గారి మీద నాకు గౌరవం పెరిగింది, ఎందుకంటే డెలివరీ తేదీ ఆయన మెడ మీదే ఉంది.

కొత్త ప్రాసెస్‌లో మొదట బ్రాకెట్‌ను ప్లేట్ మీద తిప్పి నిలబెట్టారు. ఇప్పుడు లోడ్ మోసే ఫిల్లెట్ పైకి చూస్తుంది. కిందికి వాలిన ముఖాలు స్ట్రెస్ తక్కువ ఉన్న వైపుకు వెళ్ళాయి. సపోర్టులు కొంచెం పెరిగాయి, ప్రింట్ సమయమూ పెరిగింది. ఫిల్లెట్ మీద 1 మిల్లీమీటరు మెషీనింగ్ అలవెన్స్ పెట్టాం. ఇంత ఎందుకని అడిగారు. కాంటూర్, హ్యాచ్ అతుకు ఉండేది చర్మం కింద 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల లోతులో. 0.2 మాత్రమే తీస్తే ఆ అతుకునే తెరిచి పెట్టినట్టవుతుంది, అసలు ముట్టుకోకుండా వదిలేసినదానికంటే ప్రమాదం. తీస్తే పూర్తిగా తీయాలి. డిస్టార్షన్ వల్ల భాగం ఒక పక్కకు వంగినా కనీస లోతు మిగలాలి కాబట్టి 1 మిల్లీమీటరు.

మెషీనింగ్ చేయలేని ముఖాల్లో, ఎక్కడైనా సరే, స్ట్రెస్ ఎంతవరకు అనుమతిస్తామో డ్రాయింగ్ మీదే రాయించాం. ఆ హద్దు చర్మం ఉన్న కూపన్ల నుంచి వస్తుంది. కాబట్టి కూపన్లు రెండు రకాలు: లోహం కోసం లేత్ తిప్పినవి, చర్మం కోసం బ్రాకెట్‌లో ఉన్న అత్యంత చెడ్డ వాలు కోణంలోనే ప్రింట్ చేసి, ముట్టుకోకుండా టెస్ట్ చేసేవి.

దశల వరసలో గ్రిట్ బ్లాస్టింగ్ తీసేశాం. హిప్ తరవాత యాసిడ్ పిక్లింగ్ (పై పొరను యాసిడ్‌లో కరిగించి తీయడం), ఆ తరవాత మెషీనింగ్, మెషీనింగ్ చేసిన ముఖాలకు తేలికపాటి ఎచింగ్, అప్పుడు ఫ్లోరెసెంట్ పెనిట్రెంట్, అది పాసయ్యాకే ఫిల్లెట్‌కు తేలిక షాట్ పీనింగ్ (సన్నటి గుళ్ళతో కొట్టి ఉపరితలాన్ని బిగించడం). పీనింగ్‌ను పెనిట్రెంట్‌కు ముందు పెడితే బ్లాస్టింగ్ చేసిన పొరపాటే మళ్ళీ జరుగుతుంది. పిక్లింగ్ బాత్‌లో నైట్రిక్, హైడ్రోఫ్లోరిక్ నిష్పత్తి పదికి ఒకటి దగ్గర ఉంచాలి, నైట్రిక్ తగ్గితే లోహం హైడ్రోజన్ పీల్చుకుంటుంది. పిక్లింగ్ తరవాత ప్రతి లాట్ నుంచీ ఒక ముక్కకు హైడ్రోజన్ చూస్తున్నాం, ఎఫ్2924 హద్దు 0.015 శాతం. సీటీని భాగం మొత్తానికి బదులు ఫిల్లెట్ చుట్టూ మాత్రమే, దగ్గరగా పెట్టి తీస్తున్నాం. వోక్సెల్ సైజు లేని రిపోర్టును వెనక్కి పంపుతున్నాం.

కొత్త బ్రాకెట్ రిగ్ మీద పది లక్షల సైకిళ్ళూ పూర్తి చేసింది. విరగలేదు కాబట్టి లోడ్‌ను మెట్లు మెట్లుగా పెంచి విరిగేదాకా నడపమన్నాం. విరగని భాగం ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పదు కదా. చివరికి ఫిల్లెట్‌ను వదిలేసి, బోల్ట్ రంధ్రం అంచు దగ్గర, మెషీనింగ్ చేసిన ముఖం కింద పగులు పుట్టింది. పుట్టిన చోట ఎస్‌ఈఎంలో పోర్ లేదు, పౌడర్ లేదు. ఆల్ఫా పలకల గుంపు ఒకటి జారి చీలిన చదునైన ముఖం కనిపించింది. ఇప్పుడు ఈ భాగం ఆయుష్షును పలకల మందం, గుంపు పరిమాణం శాసిస్తున్నాయి. హిప్ ఉష్ణోగ్రతను 920 నుంచి కాస్త తగ్గించి పలకల్ని సన్నగా ఉంచడం వల్ల లాభమా అన్న ప్రశ్న ఇప్పుడు అడగడంలో అర్థం ఉంది. తరవాతి కూపన్లు ఆ ప్రశ్నతోనే ప్లేట్ ఎక్కుతున్నాయి.